అప్‌డేట్: అద్దానికి అతుక్కుపోయిన స్కూల్ వాలీబాల్ టీమ్ ఫోటో

మా పల్లెటూరి హైస్కూల్ టీమ్ పాత ఫోటో ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయింది, పూర్వ విద్యార్థుల కలయికలోపు ఎలా విడదీయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పాత ఫోటోలు బాగుచేసే ఆయనకు చూపిస్తే అసలు విడదీయొద్దన్నారు, తేమకి పైపొరలోని జెలటిన్ మెత్తబడి అద్దాన్ని పట్టేసిందట, లాగితే ముఖాలే ఊడొస్తాయట. కాబట్టి హెయిర్ డ్రయ్యర్ జోలికి పోలేదు. నానబెట్టినా వెనకాల ఇంకుతో రాసిన పేర్లు పోయేవి.

పనిచేసింది ఇక్కడ ఒకరు చెప్పిన మాటే: అద్దంతో సహా స్కాన్ చేయడం. సన్నటి స్కానర్‌లో మసకగా వచ్చింది, అద్దం మందం వల్ల కాస్త ఎడంగా ఉన్న ఫోటోని కూడా పట్టగలిగే సీసీడీ రకం ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలు) స్పష్టంగా వచ్చింది. మూలన మచ్చ అలాగే ఉంది. మా కెప్టెన్ ఇప్పుడు లేడు, మొదటి ప్రింట్ వాళ్లమ్మగారికి ఇచ్చాను.