ఉద్దానం రైతులకు "వాతావరణ మార్పు" ఏ మాటల్లో చెప్పాలి?

జీడితోట:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, వజ్రపుకొత్తూరు మండలం రైతుల ముందు 20 నిమిషాలు మాట్లాడాలి. జీడి, కొబ్బరి వేసినవాళ్లే ఎక్కువ. "వాతావరణ మార్పు" అనగానే "అయితే ఈయేడు వాన పడతాదా, పడదా?" అని అడుగుతారు. ఆ తర్వాత 2018 నాటి తిత్లీ తుపాను. "అది దీనివల్లే వచ్చిందా?" అంటారు. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ఎలా చెప్పాలి? పలాస వైపు వాన లెక్కలతో ఒక చార్టు కూడా పెట్టాలని ఉంది.

నాగావళి:
చిక్కంతా మన మాటలోనే ఉంది. తెలుగులో ఇవాళ్టి మబ్బూ వాతావరణమే, ముప్పై ఏళ్ల సగటూ వాతావరణమే, భూమి చుట్టూ ఉన్న గాలిపొరా వాతావరణమే. బడిపుస్తకంలో "శీతోష్ణస్థితి" అని వేరే మాట ఉంది గానీ, పరీక్ష అయ్యాక దాన్ని పలికినవాళ్లు లేరు. రైతుకు వాతావరణం అంటే రేపటి వాన కబురు. అందుకే అలా అడుగుతారు, అది సబబే.

ఆ మాట పక్కన పెట్టి కార్తెలతో మొదలుపెట్టండి. "ఈ పదమూడు, పద్నాలుగు రోజులు మామూలుగా ఇలా ఉండాలి" అని తరతరాలు కట్టిన లెక్కే కదా కార్తె! ఆ మామూలు ఎటు జరుగుతోందన్నదే మీ విషయం. రేపటి వాన సంగతి బులెటిన్ చూసి విడిగా చెప్పండి.

"కాలుష్యం" అన్న మాట అసలు వాడకండి. వాడితే ఓజోన్‌కు చిల్లు పడి ఎండ దిగుతోందన్న పాత అపోహ లేచి కూర్చుంటుంది. దుప్పటి పోలిక చాలు: బొగ్గు, పెట్రోలు కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేల వేడిని పైకి పోనివ్వదు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. 1901–2018 మధ్య దేశపు సగటు వేడి 0.7 డిగ్రీలు పెరిగింది. "పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు మారుతుంది, 0.7 ఓ లెక్కా?" అంటారు. అది ఒక్కరోజు ఊగిసలాట, ఇది ఊయల కట్టిన కొమ్మే పైకి జరగడం.

కళింగపట్నం గాలి:
తిత్లీ సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గాలి గంటకు 140–150 కిలోమీటర్లు. "వల్లే వచ్చిందా" అన్న ప్రశ్నను రెండుగా విడగొట్టాలి.

రావడం కొత్త కాదు. రుతుపవనాలు వెనక్కి మళ్లే అక్టోబరు–డిసెంబరు బంగాళాఖాతానికి ఎప్పుడూ తుపాన్ల కాలమే. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 11న తీరం దాటాయని ఎవరో ఒకరు లేవనెత్తుతారు. అది సీజను, భూతాపానికి రుజువు కాదు. తుపాన్ల సంఖ్య పెరుగుతోందని కూడా అనకండి. 2020లో వచ్చిన కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రంలో 1951 నుంచి మొత్తం సంఖ్య తగ్గింది. రుతుపవనాల తర్వాత వచ్చేవాటిలో అతి తీవ్రమైనవి మాత్రం 2000 తర్వాత పెరిగాయి.

వచ్చాక చూపే బలం వేరే లెక్క. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, తుపానులో అదే వానగా దిగుతుంది. మన వైపున్న ఉత్తర హిందూ మహాసముద్రపు మట్టం 1993–2017 మధ్య ఏడాదికి 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే మొత్తం దాదాపు 8 సెంటీమీటర్లు, బెత్తెడు. ఉప్పెన ఎంత వచ్చినా ఆ బెత్తెడు మీద నిలబడి వస్తుంది. సభలో బెత్తెడు చూపించండి, మిల్లీమీటర్లు వద్దు.

ఇంకొకటి: ఇక్కడ ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బును వాతావరణ మార్పుకు ముడిపెట్టకండి. ఉద్దానంలో దాని కారణం ఇంకా తేలలేదు. తొందరపడి ఒక్క మాట అన్నా మిగతా 19 నిమిషాలూ ఎవరూ నమ్మరు.

గడి లెక్క:
చార్టుకు పుణెలోని వాతావరణ శాఖ ఉచితంగా ఇచ్చే రోజువారీ వాన గడులు (పటాన్ని చిన్న చదరాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఇచ్చిన వాన లెక్కలు) తీసుకోండి. 1901 నుంచి ఉన్నాయి, ఒక్కో గడి 0.25 డిగ్రీ, అంటే సుమారు 27 కిలోమీటర్లు. పలాసకు 18.75 ఉత్తరం, 84.50 తూర్పు దగ్గర. అది తీరపు అంచు కాబట్టి -999 కనిపిస్తే అక్కడ లెక్క లేదని అర్థం. దాన్ని కూడికలో కలిపేస్తే మొత్తం వాన సున్నా కిందికి పోతుంది. పడమటి పక్క గడికి జరగండి.

1961–1990, 1991–2020 రెండు ముప్పైలు పోల్చండి. సగటు వద్దు, మధ్యస్థం తీయండి, అంటే అన్ని ఏళ్ల అంకెలూ వరసలో పెడితే నడిమిన వచ్చేది. ఒక్క తుపాను రోజు సగటును ఎత్తేస్తుంది. వాన రోజు అంటే 2.5 మిల్లీమీటర్లు, అంతకుమించి. మొదటి, చివరి ఏళ్లు మనకు నచ్చినట్టు ఎంచుకుంటే ఏ గీతనైనా పైకి లేపొచ్చు, అది మాత్రం చెయ్యకండి. ఉష్ణోగ్రత గడి ఒక డిగ్రీ వెడల్పు, తీరమూ కొండలూ కలిసిపోతాయి. వేడికి కళింగపట్నం కేంద్రం రికార్డు అడగండి.

మృగశిర వాన వరి రైతుకు కావాలి. జీడికి పూత కాలం చూడాలి: జ్యేష్ఠ కార్తె నుంచి ధనిష్ఠ కార్తె దాకా, అంటే డిసెంబరు–ఫిబ్రవరి. గ్రాఫు బదులు బల్లమీద ఏడాదికి ఒకటి చొప్పున 30 జీడిపిక్కలు వరస పెట్టి, పూతలో వాన పడిన ఏళ్లవి పక్కకు జరపండి. రెండో ముప్పైకి మళ్లీ అలాగే. తేడా లేకపోతే లేదనే చెప్పండి.

(కార్తె నక్షత్రాన్ని బట్టి నడుస్తుంది, రుతువు సూర్యుణ్ణి బట్టి. రెంటి మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక రోజు జరుగుతుంది. మీ అరవై ఏళ్ల లెక్కకు ఇది అడ్డు రాదు.)

జీడితోట:
బెత్తెడు, పిక్కలు రెండూ వాడతాను. "మార్పు వల్ల అని రుజువైతే నష్టపరిహారం పెరుగుతుందా?" అంటే?

నాగావళి:
పెరగదు. తుపాను ఎలాగూ విపత్తుల జాబితాలో ఉంది, కారణం అడగరు. పంట 33 శాతం లేదా ఆపైన దెబ్బతిందా అన్నదే చూస్తారు. 2015కి ముందు ఆ గీత 50 దగ్గర ఉండేది. చెట్ల లెక్క ఎన్యూమరేషన్‌లో (అధికారులు నష్టం లెక్క రాసుకునేటప్పుడు) రాయించుకున్నారో లేదో చూసుకోమనండి.