అప్‌డేట్: బండల షాపు ఖర్చుల లెక్క దారికొచ్చింది

కడపలో మా బండల షాపు ఖర్చుల్లో పన్ను లెక్కకు ఏవి పనికొస్తాయి, ఎలా రాసిపెట్టుకోవాలి అని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే బిల్లుల సంచి ఆడిటర్ ముందు కుమ్మరించాను. డీజిల్ బిల్లులు సగం తెల్లకాగితాలైపోయాయి. వెలుతురుకు పట్టి చూసినా అంకె కనపడలేదు. చాలా బాధేసింది. ఇప్పుడు బంకులోనే ఫోటో తీసి, బిల్లు వెనక బండి నంబరు రాస్తున్నా.

అసలు దెబ్బ నగదు దగ్గర. ఒకే రోజు ఒకరికే 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. లారీ కిరాయికైతే 35,000 వరకు పర్వాలేదు. క్వారీకి ఇన్నాళ్లూ నోట్లే ఇచ్చాను! ఇక బ్యాంకు ద్వారానే. షాపుకు వేరే కరెంట్ అకౌంటు తెరిచాను. ఇంటి కిరాణా అందులోంచి కట్టొద్దని మా ఆవిడ గట్టిగా చెప్పింది. దారి చూపిన అన్నలకు, అక్కలకు థాంక్స్.