2030కల్లా పెట్రోలు కారు అమ్మరన్నారు. ఇప్పుడు కొనొచ్చా, కొనకూడదా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మా డీజిలు బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి. కొత్తది కొందామని కూర్చుంటే ఇంట్లో మూడు పార్టీలయ్యాం. మా ఆవిడ పెట్రోలంటుంది, అమ్మాయి కరెంటుదంటుంది. మా బావమరిదేమో "ఆగు బావా, రెండేళ్లలో డ్రైవరే అక్కర్లేని కార్లొస్తాయి" అంటాడు. ఆ రెండేళ్ల మాట 2016 నుంచీ వింటున్నా.

2017లో అప్పటి విద్యుత్ మంత్రి పీయూష్ గోయల్ గారు 2030కల్లా దేశంలో ఒక్క పెట్రోలు, డీజిలు కారు కూడా అమ్ముడవకూడదన్నారు. అదే ఏడు రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారు కార్ల కంపెనీల సభకెళ్లి, మీకిష్టమున్నా లేకపోయినా చేసి తీరతానన్నారు. తర్వాత ఆ 100 శాతం కరెంటు బళ్ల లక్ష్యం కాస్తా 30 శాతమైంది. కార్ల గురించి చెప్పిన జోస్యాల్లో ఒక్కటైనా నిజమైందా, లేక అంతా పంచాంగ శ్రవణమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_ప్రసాద్

పంచాంగాన్ని అవమానించకండి సార్. అందులో ఆదాయం 2, వ్యయం 14 అని ఉగాదినాడే మొహం మీద చెప్పేస్తారు. కార్ల కంపెనీలు వ్యయం మాట ఎత్తవు.

నాకు పాత మోటారు పత్రికలు పోగేసే పిచ్చుంది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ వాళ్లు ఫ్యూచరామా అని ఓ బొమ్మల దేశం కట్టి, జనాన్ని కదిలే కుర్చీల్లో కూర్చోబెట్టి తిప్పారు. 1960కల్లా కార్లు రేడియో సాయంతో వాటంతటవే ఎడం పాటిస్తూ పోతాయన్నారు. 1958లో ఫోర్డు వాళ్లు న్యూక్లియాన్ అని అణు రియాక్టరు కారుకి నమూనా చేశారు. ఒక్కసారి ఇంధనం వేస్తే 8000 కిలోమీటర్లట! బొమ్మ చేశారు, బండి చెయ్యలేదు. 1963 నుంచి క్రైస్లర్ వాళ్లు టర్బైను ఇంజిను కార్లు ఓ యాభై తయారుచేసి మామూలు జనానికే నడపమని ఇచ్చారు. ఏ నూనె పోసినా నడుస్తుందని ప్రచారం. తర్వాత వెనక్కి తీసుకుని దాదాపు అన్నీ తుక్కు చేసేశారు.

ఈలోగా మన పిస్టను, వాల్వు, క్రాంకు నిక్షేపంగా తిరుగుతున్నాయి. పెట్రోలు ఇంజిను పోతుందన్నవాళ్లు పోయారు గానీ అది పోలేదు. కళ్లు మూసుకుని పెట్రోలు బండి కొనుక్కోండి.

నానో_ఓనరు

ఒకటి నిజమైంది. లక్ష రూపాయల కారు, టాటా నానో. 2008 జనవరిలో చూపించారు, 2009లో అమ్మారు.

సూర్యాపేట_చిన్నోడు

ఎగిరే కారు సంగతేంది? మా తాత దానికోసమే ఇంకా ఎడ్లబండి అమ్మకుండ ఆగిండు.

ఫ్రీమాంట్_శ్రీను

ప్రసాద్ గారూ, మీరు సగమే చెప్పారు. ఫ్యూచరామాలో రేడియో కార్లే కాదు, అడ్డు సిగ్నళ్లు లేకుండా దేశమంతా సాగే వెడల్పాటి రోడ్లు కూడా చూపించారు. 1956లో చట్టం చేసి అమెరికాలో అవి వేశారు. నేను రోజూ ఆఫీసుకి వెళ్లేది వాటి మీదే.

డ్రైవరు లేని కారూ వచ్చింది. గూగుల్ 2009లో పని మొదలుపెట్టింది. 2012లో గూగుల్ స్థాపకుల్లో ఒకడైన సెర్గీ బ్రిన్ అయిదేళ్లలో మామూలు జనానికి అందుతుందన్నాడు. 2020 అక్టోబరులో ఫీనిక్స్‌లో గూగుల్ వాళ్ల వేమో కంపెనీ డ్రైవరులేని ట్యాక్సీల్ని అందరికీ తెరిచింది. అయిదన్నది ఎనిమిదైంది, అంతే. 2024 జూన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరైనా ఎక్కొచ్చు. మొన్న మా అమ్మానాన్నల్ని ఎక్కించాను. స్టీరింగు దానంతటది తిరుగుతుంటే మా అమ్మ దిగేదాకా ఆంజనేయ దండకం చదువుతూనే ఉంది. దిగాక మాత్రం, "మీ నాన్న కంటే నెమ్మదిగా నడిపింది రా" అంది.

మన ఊళ్లో ఫ్లైఓవరే అయిదేళ్లన్నది పదేళ్లు కడతారు. ఆలస్యమైన జోస్యాన్ని తప్పిన జోస్యం అనకూడదు.

ఆటోనగర్_ప్రసాద్

> డ్రైవరు లేని కారూ వచ్చింది.

ఎక్కడికొచ్చింది? అమెరికాలో కొన్ని ఊళ్లకి. మా బెజవాడ బెంజి సర్కిల్‌కి వచ్చిందా? ఎదురుగా రాంగ్ రూట్లో ఆటో, పక్కన గేదె, వెనక హారను. దాన్ని తెచ్చి అక్కడ నిలబెట్టండి, సాయంత్రందాకా అక్కడే ఉంటుంది పాపం.

2019లో టెస్లా మస్కు ఏమన్నాడు? మరుసటి ఏడాదికే పది లక్షల రోబో ట్యాక్సీలన్నాడు. 2025 జూన్లో ఆస్టిన్‌లో మొదలుపెట్టినవి ఎన్ని? వాటిలోనూ పక్క సీట్లో కంపెనీ మనిషి. ఫోర్డు వాళ్లు 2021కల్లా స్టీరింగే లేని కారన్నారు. వాళ్లు డబ్బు పెట్టిన డ్రైవరులేని కార్ల కంపెనీ ఆర్గో 2022లో మూతపడింది. లిఫ్ట్ అనే క్యాబుల కంపెనీ ఆయన 2025కల్లా అమెరికా పెద్ద ఊళ్లలో సొంత కారు దాదాపు ఉండదన్నాడు. మరి మీకు సొంత కారుందా లేదా శ్రీను గారూ?

ఫ్రీమాంట్_శ్రీను

రెండున్నాయి. దానికీ దీనికీ సంబంధం లేదు.

సూర్యాపేట_చిన్నోడు

😂😂 రెండా

లక్ష్మి_మియాపూర్

మీరు కాలిఫోర్నియాలో ఉండండి, ఆటోనగర్‌లో ఉండండి, నా గోడు వినండి. రాష్ట్రంలో కరెంటు బళ్లకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదన్నారని 2025లో కొన్నాను. కారు బాగుంది. మా అపార్టుమెంటు సెల్లార్లో నా పార్కింగు దగ్గర నా సొంత మీటరు నుంచి వైరు లాక్కుంటానంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. మంటలొస్తాయట. అదే సెల్లార్లో వాచ్‌మన్ గది పక్కన జనరేటరుకి డీజిలు డబ్బాల్లో నిల్వ పెట్టారు, దానికి మంటలు రావట. వారానికి రెండుసార్లు బయట చార్జింగు దగ్గర నలభై నిమిషాలు కూర్చుంటున్నా. అక్కడే కూరగాయలు ఒలుచుకుంటున్నా.

మంత్రులు ఏమన్నారో నాకెందుకండీ, మా సెక్రటరీ ఏమంటాడన్నదే నా సమస్య.

గోదారిగట్టు

లక్ష్మి గారూ, మాదీ అపార్టుమెంటే. మా అమ్మాయికి ఈ పోస్టు చూపిస్తా.

లక్ష్మి_మియాపూర్

చూపించండి, కానీ వద్దని చెప్పడానికి కాదు. కొనే ముందు అసోసియేషన్ దగ్గర కాగితం రాయించుకోమనండి.

క్యాబ్_యాదగిరి

అన్నలూ, మీరంత కార్లు కార్లు అంటున్నరు. కరెంటు బండ్లు ముందుగాల వచ్చింది ఆటోలల్ల. 2024ల దేశం మొత్తంల అమ్ముడైన మూడు చక్రాల బండ్లల్ల సగం కంటె ఎక్కువ కరెంటువే. కార్లేమో నూటికి రెండు మూడు. ఈ ముచ్చట ఏ పెద్దమనిషి చెప్పిండు ముందుగాల? ఏ ఎక్స్‌పోల చూపించిండ్రు? రోజుకు ఎంత మిగుల్తదో లెక్కేసుకొని గరీబోడే కొనుక్కున్నడు. నేను సీఎన్‌జీ లైన్ల గంటసేపు నిలవడి ఇది రాస్తున్న.

నానో_ఓనరు

నానో సంగతి ఎవరూ మాట్లాడరేం? ఇచ్చిన మాట నిలబెట్టుకున్న ఒకే ఒక్క కారు.

గోదారిగట్టు

ట్యాక్సులు, రవాణా కలిపితే లక్ష దాటింది కదండీ.

నానో_ఓనరు

డీలరు దగ్గర ధర లక్ష అన్నారు. ట్యాక్సుల మాట వేరు. సరిగ్గా చదవండి.

ఫ్రీమాంట్_శ్రీను

ప్రసాద్ గారూ, ఇంకో మాట. పెట్రోలు ఇంజినే శాశ్వతమని చెప్పడం కూడా జోస్యమే. 1900 ప్రాంతంలో అమెరికాలో ఆవిరి కార్లు, కరెంటు కార్లు పెట్రోలువాటికి గట్టి పోటీ. పెట్రోలు బండికి ముందు హ్యాండిలు పెట్టి తిప్పాలి, వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. 1912లో కెటరింగ్ అనే ఇంజినీరు చేసిన సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్‌కి వచ్చాక ఆ భయం పోయింది, కరెంటు కార్లకున్న పెద్ద సుఖం కాస్తా పెట్రోలు బండికీ వచ్చేసింది. పెట్రోలుని నిలబెట్టిన వస్తువు ఏమిటి? ఓ బ్యాటరీ, ఓ మోటారు! నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లు పదింటిలో దాదాపు తొమ్మిది కరెంటువే.

అసలు మెకానిక్కులు ఏ కొత్తదాన్నీ ఒప్పుకోరు. కార్బరేటరు పోయినప్పుడూ ఇలాగే ఏడ్చారు. నేర్చుకోవడానికి బద్ధకం, దానికి అనుభవమని పేరు.

ఆటోనగర్_ప్రసాద్

బద్ధకమా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా తమ్ముడూ? నేను కార్బరేటరు విప్పాను, పెట్రోలుని కంప్యూటరు కొలిచి చిమ్మే ఎంపీఎఫ్ఐ నేర్చుకున్నాను, డీజిలుని ఒత్తిడితో ఇంజెక్టర్ల గుండా చిమ్మే కామన్ రైలు నేర్చుకున్నాను. రాత్రి పదింటిదాకా స్కానరు ముందు కూర్చుని తప్పుల కోడ్లు నోట్సు రాసుకున్నవాణ్ణి. నువ్వు ఒక్క నాజిలు చేత్తో పట్టుకున్నావా ఎప్పుడైనా? ఏసీ గదిలో కూర్చుని ఆలస్యమైందే గానీ తప్పలేదంటావా? ఎవరికి ఆలస్యమైంది?

సూర్యాపేట_చిన్నోడు

అయిపోయింది, ఇగ లాక్ చేస్తరు.

నిర్వాహకుడు_2

లాక్ చెయ్యను. వృత్తుల మీద మాటలు వద్దు. శ్రీను గారూ, ఆ బద్ధకం మాట వెనక్కి తీసుకోండి.

ఫ్రీమాంట్_శ్రీను

తీసుకున్నా. సారీ ప్రసాద్ గారూ. కానీ మొదటి నుంచీ నా వాదనకి మీరు జవాబు చెప్పలేదు.

ఆటోనగర్_ప్రసాద్

జవాబు కావాలా, చెప్తాను. ఇన్నాళ్లూ ఇక్కడ చెప్పలేదు.

2012, 13లో దేశంలో అమ్ముడైన కార్లలో దాదాపు సగం డీజిలువి. ముందు కాలమంతా డీజిలుదేనని ప్రతి పత్రికా రాసింది, షోరూముల్లో అదే మాట, బ్యాంకు మేనేజరూ అదే అన్నాడు. నేను 2014లో మా ఆవిడ పేరున ఉన్న స్థలం పెట్టి అప్పు తెచ్చి కామన్ రైలు ఇంజెక్టర్ల టెస్టింగు బెంచి కొన్నాను. పాలిటెక్నిక్ అయిన మా పెద్దాణ్ణి, ఉద్యోగం వద్దురా, ఇదే మన బతుకు అని షెడ్డులో కూర్చోబెట్టాను. ఆ అక్టోబరులోనే డీజిలు ధర మీద నియంత్రణ ఎత్తేశారు, పెట్రోలుకీ దానికీ తేడా తగ్గుతూ వచ్చింది. 2015లో ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బళ్లు తిరగకూడదన్నారు. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం మీద కొత్త నిబంధన బీఎస్6 వచ్చింది, మారుతి డీజిలు ఇంజినే మానేసింది. మా పెద్దాడు ఇప్పుడు గోడౌన్లో పార్సిళ్లు ఎక్కిస్తున్నాడు. వాయిదాలు మొన్న సంక్రాంతికి తీరాయి.

ఫ్యూచరామా చూసి నవ్వుకోవచ్చు. ఎందుకంటే దాన్ని చూసి నేను అప్పు చెయ్యలేదు. డీజిలు జోస్యం చెప్పినవాడు ఇప్పుడు కరెంటు జోస్యం చెప్తున్నాడు, అదే సూటు, అదే మైకు. వాడి వాచీ కూడా మారలేదు.

క్యాబ్_యాదగిరి

ప్రసాదన్నా, నాది గట్లనే డీజిల్ బండి లోన్. సమజయితది.

ఫ్రీమాంట్_శ్రీను

ప్రసాద్ గారూ, ఇది నాకు తెలియదు. బాధగా ఉంది. నాదీ చెప్తాను. నేను పనిచేసింది డ్రైవరులేని కార్ల కంపెనీలోనే. పేరొద్దు. ఏటా వేదికెక్కి "వచ్చే ఏడాదే" అని మా పెద్దలు అన్నప్పుడల్లా కింద చప్పట్లు కొట్టినవాళ్లలో నేనొకణ్ణి. కాదని మాకు లోపల తెలుసు. వానలో కెమెరా ఏం చూస్తుందో, ఏం చూడదో రోజూ మేమే రాసుకునేవాళ్లం. ఓ ఉదయం మెయిల్ పంపి మమ్మల్ని ఇళ్లకి పంపేశారు.

అయినా ఒకటి అడుగుతాను. ఆ మాట అనకపోతే డబ్బు ఎవరు పెడతారు? డబ్బు పెట్టకపోతే మా అమ్మ ఎక్కిన కారు పుట్టేదా? పదిహేనేళ్లు పడుతుందని నిజం చెప్పుంటే మొదటి రోజే ప్రాజెక్టు మూసేసేవారు.

ఆటోనగర్_ప్రసాద్

అంటే తెలిసి అబద్ధమాడారన్నమాట.

ఫ్రీమాంట్_శ్రీను

ఆశ అంటాను నేను.

ఆటోనగర్_ప్రసాద్

ఆశ నీది, తాకట్టు నాది. నీ కంపెనీలో పోయింది పెట్టుబడిదారుడి డబ్బు. వాడు పది చోట్ల పెడతాడు, ఒకచోట వస్తే చాలు వాడికి. నాకున్నది ఒక్కటే స్థలం, ఒక్కడే పెద్దాడు. ఆ మైకు ముందు నిలబడినవాడు నా వైపు చూసి కూడా మాట్లాడుతున్నానని అనుకోలేదు. నేనేమో నాకే చెప్తున్నాడనుకున్నా.

ఫ్రీమాంట్_శ్రీను

వాళ్లు మీకు జవాబుదారీ కాదు కదండీ. కొనమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు.

లక్ష్మి_మియాపూర్

శ్రీను గారూ, అక్కడ ఆగిపోండి.

ఫ్రీమాంట్_శ్రీను

ఆగాను. కానీ తప్పు మాట అనలేదు.

గోదారిగట్టు

కారు గురించి అడిగితే ఎక్కడికో పోయింది. ఇంట్లో ప్రస్తుతానికి ఏదీ కొనట్లేదు. ప్రసాద్ గారూ, మా బండి పొద్దున్నే స్టార్టయితే తెల్లపొగ, మూడో సిలిండరు కొట్టుకుంటోంది. ఇంజెక్టర్లేనని ఇక్కడివాళ్లంటున్నారు. కొత్తవి నాలుగూ వెయ్యమంటున్నారు. భీమవరం నుంచి మీ దగ్గరికి తీసుకురానా?

ఆటోనగర్_ప్రసాద్

నాలుగూ మార్చనివ్వకండి. విప్పి గుడ్డలో చుట్టి వాటినే తీసుకురండి, బండి అక్కర్లేదు. మొనలకి దెబ్బ తగలకుండా చూసుకోండి. బెంచి ఉంది ఇంకా. అమ్ముదామన్నా కొనేవాడు లేడు.

నానో_ఓనరు

నాదీ ఓసారి చూస్తారా? పెట్రోలుదే.