దూరంగా ఉన్న సర్వర్లకు ఏ హార్డ్‌వేర్ కొనాలి? కొత్తగా వచ్చాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈ దేశానికి వచ్చి రెండు నెలలైంది. చిన్న కంపెనీ, ఐటీ మొత్తానికీ నేనొక్కడినే. నాలుగు సర్వర్లు నేనుండే చోటికి మూడు గంటల దూరంలో ఒక డేటా సెంటర్‌లో ఉన్నాయి. వాటిలో రెండు పాతబడ్డాయి, కొత్తవి కొనాలి, మోడల్ నన్నే తేల్చమన్నారు. ప్రాసెసర్, ర్యామ్ సంగతి చూసుకోగలను. కానీ నాకు కారు లేదు. అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే ఎలాగా అన్నదే టెన్షన్. ఏం చూసి కొనాలి?

——

తమ్ముడూ, కారు లేదన్నావు కాబట్టి ప్రాసెసర్ కంటే ముందు బీఎంసీ చూడు. మదర్‌బోర్డు మీద విడిగా బతికే చిన్న కంప్యూటర్ అది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, కరెంటు అందితే చాలు, మెలకువగానే ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐఎల్‌ఓ, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ అంటారు. సర్వర్ ఆపి ఆన్ చేయడం, బయోస్ (ఓఎస్ కంటే ముందు లేచే సెట్టింగుల ప్రోగ్రాం) స్క్రీన్ నీ ల్యాప్‌టాప్‌లో చూడడం, ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ డిస్క్ నకలు) తగిలించి ఓఎస్ ఎక్కించడం అన్నీ దాంతోనే.

మెలిక లైసెన్స్ దగ్గర ఉంది. హెచ్‌పీఈ మామూలు ర్యాక్ సర్వర్లలో అడ్వాన్స్‌డ్ లైసెన్స్ లేకపోతే ఓఎస్ లేచే వేళకు రిమోట్ కన్సోల్ (సర్వర్ స్క్రీన్, కీబోర్డు దూరం నుంచి వాడే కిటికీ) ఆగిపోతుంది. డెల్ ర్యాక్ సర్వర్లలో వర్చువల్ కన్సోల్ (అదే కిటికీకి వాళ్ల పేరు) కావాలంటే ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ ఉండాలి. కొటేషన్‌లో ఆ లైన్ లేకపోతే పట్టుబట్టి రాయించు. సెకండ్ హ్యాండ్‌కి వెళితే కన్సోల్ హెచ్‌టీఎంఎల్5లో, అంటే మామూలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుందా అని అడుగు. జావా అడిగే పాతవాటితో వేగడం ఒక శిక్ష.

బీఎంసీకి డెడికేటెడ్ పోర్టు (దానికోసమే విడిగా నెట్‌వర్క్ పోర్టు) ఉన్నది తీసుకో, దాన్నే వాడేలా సెట్ చేయి. కొన్ని బోర్డుల్లో ఆ పోర్టుకు కేబుల్ లేకపోతే బీఎంసీ తనంతట తానే మామూలు నెట్‌వర్క్ పోర్టులోకి దూకుతుంది. ఆ పోర్టు నేరుగా ఇంటర్నెట్‌కు ఉంటే ఇంక చెప్పేదేముంది! బీఎంసీతో నెట్‌వర్క్ మీద మాట్లాడే పాత పద్ధతి ఐపీఎంఐ 2.0లో లోపం స్పెసిఫికేషన్‌లోనే ఉంది: యూజర్ పేరు తెలిస్తే చాలు, లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్ ఊహించి సరిచూసుకోవడానికి పనికొచ్చే కోడ్) అవతలివాడి చేతికి ఇచ్చేస్తుంది. 2013 నుంచీ అందరికీ తెలిసిందే, ప్యాచ్‌తో పోయేది కాదు. అది వాడే పోర్టు యూడీపీ 623, దాన్ని బయటికి తెరవకు. దాని స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి రెడ్‌ఫిష్ ఉంటే ఐపీఎంఐ ఓవర్ ల్యాన్ ఆపేసి దాన్నే వాడు.

ఇంత తెలిసిన నేను చేసిన పని చూడు. బీఎంసీలన్నీ వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, అందులోకి బయటి నుంచి వెళ్లే రహస్య దారిగా వీపీఎన్ ఇచ్చాను. ఆ వీపీఎన్ నడిచేదేమో అదే ర్యాక్‌లో ఒక సర్వర్ మీద, వర్చువల్ మెషీన్‌గా. ఒక శుక్రవారం రాత్రి ఆ సర్వర్‌కే కర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టాను. పది నిమిషాలైనా పింగ్‌కు జవాబు లేదు. బీఎంసీలో చూద్దామని వీపీఎన్ కనెక్ట్ నొక్కాను. గుండ్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు వెలిగింది, తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నానని. డేటా సెంటర్ రిమోట్ హ్యాండ్స్ అతను (డబ్బు తీసుకుని మన తరఫున అక్కడ చేతిపని చేసే ఉద్యోగి) మానిటర్ తగిలించి ఫోన్‌లో చదివి వినిపించాడు: ఫ్యాన్ ఎర్రర్, కొనసాగడానికి ఎఫ్1 నొక్కండి. నొక్కింది ఒక్క కీ, బిల్లు గంటకి.

బయోస్‌లో ఆ 'ఎఫ్1 కోసం ఆగు' సెట్టింగ్ మొదటిరోజే తీసేయి. సిమ్ వేసుకునే చిన్న రౌటర్ ఒకటి కొని, బీఎంసీ నెట్‌వర్క్‌కు విడిగా దారి పెట్టు, కానీ ముందు ర్యాక్ లోపల సిగ్నల్ ఉందో లేదో కనుక్కో. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ పడిపోయినప్పుడు వాళ్ల అవుట్ ఆఫ్ బ్యాండ్ నెట్‌వర్క్ (ఇలాంటి విడి దారే) కూడా పనిచేయక ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. మనమెంత!

——

అన్న చెప్పినదానికి చిన్న సవరణ. బీఎంసీని మరీ నమ్మకండి, అదీ హ్యాంగ్ అవుతుంది. సర్వర్ రీబూట్ చేసినా అది రీబూట్ కాదు. ఓఎస్‌లోకి వెళ్లగలిగితే ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో బీఎంసీని కోల్డ్ రీసెట్ (మొదటి నుంచి మళ్లీ లేపడం) చేయొచ్చు, లేదంటే కరెంటు తీసి పెట్టాల్సిందే. అందుకని నెట్‌వర్క్ నుంచి సాకెట్‌ను ఆపగలిగే స్విచ్డ్ పీడీయూ (ర్యాక్‌లో కరెంటు పంచే బోర్డు) నా లెక్కలో తప్పనిసరి. రెండు పవర్ సప్లైలుంటే రెండు సాకెట్లూ ఆపాలి. మొదటిసారి ఒక్కటే ఆపి, ఎందుకు రీస్టార్ట్ కాలేదా అని తల పట్టుకున్నాను.

ఇంకోటి, ల్యాప్‌టాప్ అక్కడే కొన్నారా? కీబోర్డు లేఅవుట్ చూసుకోండి. రిమోట్ కన్సోల్ సాధారణంగా అక్షరాన్ని కాకుండా ఏ కీ నొక్కారన్నదే పంపుతుంది. ఉదాహరణకు జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. సర్వర్ యూఎస్ లేఅవుట్‌లో ఉంటే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంది. ఎమర్జెన్సీ పాస్‌వర్డ్‌లో ఆ రెండూ, గుర్తులూ లేకుండా చూసుకోండి.

——

అన్నలిద్దరికీ థాంక్స్. వచ్చిన కొటేషన్ తీసి చూశాను, లైసెన్స్ లైన్ లేదు. మెయిల్ పెట్టాను. అన్నట్టు, మా వీపీఎన్ కూడా ఆ నాలుగు సర్వర్లలో ఒకదాని మీదే నడుస్తోంది. దానికి ఈ రాత్రి అప్‌డేట్ పెట్టుకున్నాను. ఇప్పుడే క్యాన్సిల్ చేశాను.