«అల్స్ ఇఖ్ కాన్»కి తెలుగు మాట ఏది?

కుంచెరాత: చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ 1433లో వేసిన ఎర్ర తలపాగా మనిషి బొమ్మకు తెలుగులో చిత్రవ్యాఖ్య రాస్తున్నాను. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నదే. ఓక్ చెక్క మీద తైలవర్ణం, ఎత్తు 26 సెం.మీ., వెడల్పు 19 సెం.మీ. చట్రం పై పట్టీ మీద ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం ప్రాంతపు డచ్చి) మాట ఉంది: «అల్స్ ఇఖ్ కాన్». కింది పట్టీ మీద లాటిన్: «యోహన్నెస్ ద ఐక్ మే ఫేకిత్», పక్కన 1433 అక్టోబరు 21 తేదీ. పైదానికి «యథాశక్తి», కిందిదానికి «యాన్ వాన్ ఐక్ నన్ను గీశాడు» అనుకున్నాను. సరిపోతాయా? ఇంకో సందేహం. పై మాటను నినాదం అనాలా, ధ్యేయవాక్యం అనాలా?

తాళపత్రం: ముందు అక్షరాల సంగతి చూద్దాం. పై పట్టీని రోమన్ లిపి అనుకుని చదివితే «ఆల్క్ ఇక్స్ జాన్» లాంటిదేదో వస్తుంది. కొన్ని చోట్ల అలాగే అచ్చయింది కూడా. ఆయన ఫ్లెమిష్ మాటల్ని గ్రీకు అక్షరాల తీరులో రాశాడు. మొదటి మాట చివర సి లా కనిపించేది ఆ కాలపు గ్రీకు «స». ఎక్స్ ఆకారంలో ఉన్నది గ్రీకు «ఖి». దాన్ని రెండో మాటలో «ఖ్» ధ్వనికీ మూడో మాటలో «క» ధ్వనికీ వాడుకున్నాడు. కాబట్టి అల్స్, ఇఖ్, కాన్. ఆ «ఖ్» మన ఒత్తు ఖకారం కాదు, గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. తెలుగులో దానికి అక్షరం లేదు కనుక ఖ తోనే సరిపెట్టుకోవాలి.

«యథాశక్తి» మాత్రం వద్దండి. ఆ మాట వినగానే మనకు సంకల్పం చెబుతున్న పురోహితుడు గుర్తొస్తాడు. పైగా అది సంస్కృతం. ఐక్ కావాలనే పై మాటకు లాటిన్‌ను పక్కనబెట్టి ఇంటి భాష పట్టుకున్నాడు. ఆయన కొలువు చేసింది బుర్గుండీ ప్రభువు మూడో ఫిలిప్ దగ్గర, 1425 నుంచి. ఆ దర్బారులో నడిచేది ఫ్రెంచి. లాటిన్, ఫ్రెంచి రెండూ చేతిలో ఉండగా ఫ్లెమిష్‌లో రాసుకున్నవాడి మాటను సంస్కృతంలోకి తీసుకుపోతే ఆ ఎంపిక కాస్తా మాయమైపోతుంది.

వ్యాకరణప్రియ: మాటకు మాట చూద్దాం. «అల్స్» అంటే అట్లు, అట్టు. తీరును చెబుతుంది, కొలతను కాదు. ఇంగ్లీషు వ్యాఖ్యల్లో దీన్ని «ఎంత బాగా చేయగలనో అంత బాగా» అని సాగదీస్తారు. ఆ «బాగా» మూలంలో లేదు. «ఇఖ్» అంటే నేను. «కాన్» అన్న క్రియకు ఆ భాషలో రెండు అర్థాలూ ఉన్నాయి: చేయగలగడం, ఒక పని తెలిసి ఉండటం. మన «వచ్చు» లాంటిదే. «నాకు ఈత వచ్చు» అన్నప్పుడు తెలియడం, చేయగలగడం రెండూ ఒక్క మాటలోనే ఉన్నాయి కదా. దాని వెనక మరో క్రియ కూడా లేదు. ఏం చేయగలడో చెప్పకుండా వాక్యం అక్కడే ఆగిపోయింది.

ఆ లెక్కన «నాకు వచ్చినట్టు» అర్థానికి అన్నిటికన్నా దగ్గర. కానీ అక్కడో చిక్కుంది. ఇష్టమొచ్చినట్టు, నోటికొచ్చినట్టు, చేతికొచ్చినట్టు అన్న వాడుకలు «వచ్చినట్టు»ను పాడుచేశాయి. బొమ్మ మీద «నాకు వచ్చినట్టు» అని చూసినవాడు తోచినట్టు గీసిపడేశాడు కాబోలు అనుకుంటాడు. కంటి తెల్లగుడ్డులో ఎర్రజీరల దాకా, గడ్డం మీద మొలిచిన పొట్టి వెంట్రుకల దాకా గీసినవాడి గురించి అలా అనిపించకూడదు.

పదనిస: ఇది ఒక ఫ్లెమిష్ నానుడిలో మొదటి సగం అంటారు. రెండో సగం «నీత్ అల్స్ ఇఖ్ విల్». అంటే «నేను కోరినట్టు కాదు» అని. చేయగలిగిందొకటి, చేయాలనుకున్నది మరొకటి అన్నమాట. కాబట్టి తెలుగులో మొదటి సగం ఎలా పెట్టినా, రెండో సగం దానికి అతికేలా ఉండాలి. చదివేవాళ్లు దాన్ని తలుచుకోగలగాలి కదా. నాకు తోచింది:

«నా చేతనైనట్టు, నా మనసైనట్టు కాదు.»

చేతనవడంలో చెయ్యి వినిపిస్తుంది, రెండో సగంలో మనసు వినిపిస్తుంది. చట్రం మీది దానికి మొదటి సగం చాలు: «నా చేతనైనట్టు». మామూలు వాడుకలో «చేతనైనంత» అంటాం నిజమే, కానీ వ్యాకరణప్రియ గారు చెప్పినట్టు అది కొలత.

కుంచెరాత: «నా చేతనైనట్టు» బాగుందండీ. అయితే «నేను» పోయింది. ఇఖ్, ఐక్ అన్న శ్లేష కూడా ఉందంటారు కదా?

వ్యాకరణప్రియ: ఉంది, పెద్ద శ్లేషే. మూడు మాటల్లో నడిమిది ఇఖ్. అది పై పట్టీ మధ్యలో, సరిగ్గా ముఖానికి నెత్తిన పడుతుంది. «నేను చేయగలిగినట్టు» అన్నా చదవొచ్చు, «ఐక్ చేయగలిగినట్టు» అన్నా చదవొచ్చు. మామూలుగా బొమ్మలోని మనిషి పేరు చట్రం మీద వెతుక్కుంటాం. ఇక్కడ ఆ పేరు లేదు, ఆ చోటులో ఈ మాట ఉంది. ఇది చిత్రకారుడి సొంత ముఖమే అనేవాళ్లు చూపించే ఆధారాల్లో ఇదొకటి. గ్యాలరీ వారు మాత్రం «స్వీయచిత్రం» అన్న మాట పక్కన ప్రశ్నార్థకం ఉంచారు. మీ వ్యాఖ్యలోనూ ఉంచండి.

తెలుగులో ఈ శ్లేష రాదు. చేతనవడానికీ, రావడానికీ మనకు కర్త «నేను» కాదు, «నా», «నాకు». బలవంతంగా «నేను చేయగలిగినట్టు» అని పెట్టినా «నేను»కూ ఐక్‌కూ ధ్వనిలో పోలిక లేదు. అందుకని మూలం మాటను తెలుగు లిపిలో ముందు ఇచ్చి, కింద అర్థం ఇవ్వండి. శ్లేషను వ్యాఖ్యలో ఒక వాక్యంలో చెప్పండి.

తాళపత్రం: ఇక «మే ఫేకిత్». ఫేకిత్ అంటే చేసెను. గీసెను అనడానికి లాటిన్‌లో వేరే మాట ఉంది, «పిన్క్సిత్». ఐక్ దాన్ని వాడలేదు. గంటలు పోతపోసేవాళ్లు గంట మీద ఫలానావాడు «మే ఫేకిత్» అని వేసేవారు. అక్కడ మాట్లాడేది గంట. ఇక్కడ మాట్లాడేది బొమ్మలోని మనిషి ఒక్కడే కాదు, ఆ వస్తువు మొత్తం. ఈ బొమ్మకున్న చట్రం అసలుదే. దాని నిలువు అంచులూ బొమ్మ పలకా ఒకే చెక్క. చట్రం మీద అక్షరాలు చెక్కినట్టు కనిపిస్తాయి, నిజానికి అవి రంగుతో వేసినవి. అంటే చట్రం కూడా ఆయన చేతిపనే. «నన్ను గీశాడు» అంటే ముఖం మాత్రమే మాట్లాడుతుంది. ఇది స్వీయచిత్రమే అయితే తన గురించి తాను «ఐక్ నన్ను గీశాడు» అనడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. «నన్ను చేసెను» అనండి.

క్రియ «చేశాడు» కాకుండా «చేసెను» అనడం కూడా కావాలనే. కింది వరుస లాటిన్, శాసనపు ధోరణి. దానికి గ్రాంథికం, పై వరుసకు వాడుక తెలుగు. అప్పుడు రెండు భాషల తేడా తెలుగులోనూ కంటికి కనిపిస్తుంది.

భార్య మార్గరెట్ బొమ్మ బ్రూజ్ నగరంలో ఉంది, 1439 జూన్ 17 తేదీతో. అక్కడ ఫేకిత్ బదులు «కొంప్లేవిత్», అంటే పూర్తిచేసెను. «నా భర్త యోహన్నెస్ నన్ను పూర్తిచేసెను, నా వయసు ముప్పై మూడేళ్లు» అని ఆవిడ చేతే చెప్పించి, «అల్స్ ఇఖ్ కాన్» అని ముగించాడు. అక్కడ «నన్ను» అన్నది ఆవిడా, పలకా కూడా.

పదనిస: మన తాటాకు ప్రతుల చివర లేఖకులు రాసుకునే «అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే» దీనికి చుట్టమే అనిపిస్తుంది. రెండూ పని ముగించాక చెప్పుకునే వినయపు మాటలే.

తాళపత్రం: కొంతవరకే నండి. లేఖకుడు తప్పు తనది కాదంటాడు, ఎదుట ఉన్న ప్రతిని చూసి రాశాను అంటాడు. ఐక్ తప్పు గురించి మాట్లాడటమే లేదు. ఇది నా పనితనం, కావాలంటే చూసుకోండి అన్న ధీమా ఆ వినయం వెనకే ఉంది.

అందుకే నినాదం అనకండి, అది ఊరేగింపు మాట. బిరుదు కాదు, బిరుదు ఇతరులిచ్చేది. ఆ కొలువుల్లో ప్రభువులు తమ మాటను తామే ఎంచుకునేవారు. ఫిలిప్‌ది «ఓత్ర్ నోరే», మరొకరిని చేపట్టను అని. ఒక చిత్రకారుడు అలాంటి మాట పెట్టుకోవడం ఆ రోజుల్లో అరుదు. «ధ్యేయవాక్యం» తప్పు కాదు గానీ నేనైతే «ముద్ర» అంటాను. మన వాగ్గేయకారుల ముద్రలాగే ఇది కూడా ఒక్కో కృతిలో తిరిగి వస్తుంది. 1437 నాటి డ్రెస్డెన్ మూడు పలకల బొమ్మ మీద ఉంది, 1439 నాటి ఆంట్వెర్ప్ మరియ బొమ్మ మీద ఉంది. పైగా పేరును లోపల దాచుకుంటుంది.

కుంచెరాత: అయితే ఇలా పెడతాను. పైన: «అల్స్ ఇఖ్ కాన్ — నా చేతనైనట్టు». కింద: «యోహన్నెస్ ద ఐక్ నన్ను చేసెను, 1433 అక్టోబరు 21». తేదీలో వెయ్యిన్నీ నాలుగు వందలు రోమన్ అక్షరాల్లో, 33 మాత్రం అంకెల్లో ఉంది. అదీ చూపించనా?

వ్యాకరణప్రియ: వ్యాఖ్యలో చెప్పండి చాలు, శీర్షికలో వద్దు. «ద ఐక్»ను మాత్రం «వాన్ ఐక్»గా మార్చకండి. లాటిన్ వాక్యంలో ఆయనే «ద» అని రాసుకున్నాడు. రెండిటికీ అర్థం ఐక్ ఊరివాడని.

పదనిస: ఇంకొక్కటి. «తలపాగా» అన్న చోట ఒక వాక్యం కలపండి. అది విడిబట్టను తలకు చుట్టింది కాదు. షాపెరాన్ అనే కుట్టిన ముసుగుటోపీ. ముఖం కోసం వదిలిన కంతను నెత్తిన పెట్టుకుని, వేలాడే పొడవాటి తోకను పైకి చుట్టేసుకున్నాడు. రంగు అంటకుండా అలా కట్టుకుని ఉంటాడని కొందరి ఊహ. శీర్షికలో తలపాగా అనే ఉంచండి, అందరికీ తెలిసిన పేరు అదే.