‘తేడా కొడుతోంది’ అని చెప్పి కోడ్ ఆపేయొచ్చా?

రాత్రి_షిఫ్ట్
నాలుగేళ్లుగా పేమెంట్ల కోడ్ రాస్తున్నాను. మొన్న నా పుల్ రిక్వెస్ట్‌ని (కొత్త కోడ్‌ని చూసి కలపమని పెట్టేది) మా టీమ్ లీడ్ రెండు రోజులు ఆపేశారు. కామెంట్‌లో ఉన్నది ఒక్క ముక్క: “ఎందుకో తేడా కొడుతోంది, మళ్లీ చూడు.” ఏ ఫైలో, ఏ లైనో లేదు. 41 టెస్టులూ పాసయ్యాయి. ఏం వెతకాలో తెలీకుండా నా కోడ్‌ని నేనే రెండు రోజులు చదువుకున్నాను. మన పని లాజిక్ కదా? మనసుకు తోచడం కూడా ఒక కారణమేనా?

పాత_కోబాల్
వై2కే (2000 సంవత్సరం తేదీల సమస్య) హడావిడిలో ఈ ఉద్యోగంలోకి వచ్చినవాణ్ని. ఒక్క మాట చెప్పు తమ్ముడూ, ఆ కోడ్‌లో టైమౌట్ అయితే పేమెంట్ మళ్లీ పంపే రీట్రై ఉందా?

రాత్రి_షిఫ్ట్
ఉంది సార్. మూడుసార్లు.

పాత_కోబాల్
అనుకున్నా. టైమౌట్ అంటే జవాబు రాలేదని, అంతే. డబ్బు కట్ కాలేదని కాదు. బ్యాంకు తన పని చేసేసి, ఆ జవాబు దారిలో పోయి ఉంటే కస్టమర్‌కి రెండోసారి కోత. రీట్రై చేసిన ప్రతిసారీ అదే ఐడీ పంపితే, అవతలి సిస్టమ్ దాన్ని గుర్తుపట్టి రెండోది వదిలేస్తుంది. నీ కోడ్ చూడకుండానే చెప్పాను. దీన్నేమంటావు?

లూప్_ఇన్వేరియంట్
లాజిక్ అంటారండి. మీరు రాసినవి కారణం, దాని ఫలితం, పరిష్కారం. ఈ నాలుగు వాక్యాలు ఆ లీడ్ రాసి ఉంటే అసలు ఇక్కడ ఈ ప్రశ్నే ఉండేది కాదు.

తోచినదాన్ని నమ్మితే ఏమవుతుందో చూడండి. బైనరీ సెర్చ్ అంటే వరసలో ఉన్న జాబితాని సగం సగం చేస్తూ వెతకడం. వెతికే భాగానికి మొదలు ‘లో’, చివర ‘హై’ అనుకుంటే, మధ్య స్థానానికి ఎవరికైనా తోచేది (లో + హై) / 2. జావా లైబ్రరీలో ఆ లైను సుమారు తొమ్మిదేళ్లు అలాగే ఉంది. ఆ రెండిటి మొత్తం 2,147,483,647 దాటితే 32 బిట్ల సంఖ్య మైనస్‌లోకి తిరిగిపోతుంది. 2006లో, ఆ జావా కోడ్ రాసిన జాషువా బ్లాకే ఆ సంగతి బయటపెట్టేదాకా ఎన్ని వేలమంది చదివి ఉంటారు ఆ లైను? ఎవరికీ తేడా కొట్టలేదు.

పాత_కోబాల్
సగం కథ చెప్పి వదిలేశారేం అమ్మా? ఆ పద్ధతిని జాన్ బెంట్లీ తన ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ పుస్తకంలో రుజువుతో సహా ఇచ్చారు. బగ్ అందులోనూ ఉంది. మీ రుజువు దాన్ని పట్టుకోలేదుగా.

లూప్_ఇన్వేరియంట్
రుజువు తప్పలేదు. గణితంలో పూర్ణాంకాలకు హద్దు లేదు, మెషిన్‌లో ఉంది. ఆ హద్దును లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

పాత_కోబాల్
“ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్” అన్నట్టుంది.

అమీర్‌పేట_బ్యాచ్
అన్నా, ఆ బగ్ రావాలంటే అరేలో, అంటే ఆ జాబితాలో, 107 కోట్ల ఎలిమెంట్లు ఉండాలి. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిస్తేనే ఫ్యాన్ గోల.

లూప్_ఇన్వేరియంట్
నాలుగు బైట్ల చొప్పున వేసుకోండి, 4 జీబీ. ఇవాళ సర్వర్లలో అదొక లెక్కా?

అమీర్‌పేట_బ్యాచ్
అంత డేటాని అరేలో పెట్టేవాడికి బైనరీ సెర్చ్ కాదు, కౌన్సెలింగ్ కావాలి.

లూప్_ఇన్వేరియంట్
అవసరం రాదు కాబట్టి తప్పు కాదంటారా? లో + (హై - లో) / 2 అని రాయడానికి ఎంత కష్టం?

పాత_కోబాల్
‘లో’ మైనస్‌లో ఉంటే అదీ హద్దు దాటి పొంగొచ్చు.

లూప్_ఇన్వేరియంట్
అరేలో స్థానం నంబరు మైనస్‌లో ఎందుకుంటుందండీ!

టెస్టర్_అక్క
రామాయణంలో పిడకల వేట. పాపం ఆ అబ్బాయి అడిగింది కోడ్ రివ్యూ గురించి.

లూప్_ఇన్వేరియంట్
సరే, ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం టిమ్‌సార్ట్ అనే, డేటాని వరసలో పెట్టే పద్ధతి రాశారు, తర్వాత అది జావాలోకీ ఆండ్రాయిడ్‌లోకీ వెళ్లింది. కలపాల్సిన ముక్కల పొడవులను ఒకదానిమీద ఒకటి పేర్చే స్టాక్‌లో, ఒక నియమం ప్రకారం పెడుతుంది. పైన ఉన్న మూడింటిని సరిచూస్తే కింద ఉన్నవన్నీ ఆ నియమం ప్రకారమే ఉంటాయని అనుకున్నారు. 2015లో కొందరు పరిశోధకులు అది సరైనదేనని రుజువు చేద్దామని కూర్చున్నారు. రుజువు ఒకచోట ముందుకు కదల్లేదు. తీరా చూస్తే పై మూడూ బాగున్నా, ఆ కిందది నియమం తప్పే సందర్భం ఒకటుంది. జావాలో ప్రోగ్రామ్ కూలిపోయే ఇన్‌పుట్ కూడా తయారు చేసి చూపించారు. ఇది ఏ సీనియర్‌కి తోచేది?

పాత_కోబాల్
ఆ మూడు చాలని తోచిన బుర్రే కదా అంత వేగమైన సార్టింగ్‌ని కనిపెట్టింది? 13 ఏళ్లు ప్రపంచమంతా వాడుకుంది. రుజువు చేసేవాళ్లకి రుజువు చేయడానికంటూ ఒకటి ఉండాలిగా ముందు.

టెస్టర్_అక్క
నాకూ తేడా కొడుతుంది, రోజూ. అలా అనిపించగానే బగ్ రాసేయను. ఏ ఇన్‌పుట్‌కి పగులుతుందో వెతుకుతాను. దొరక్కపోతే ఊరుకుంటాను.

పాత_కోబాల్
దొరకనివే రాత్రి రెండింటికి ఫోన్ చేస్తాయమ్మా. ఇప్పటి పిల్లల తంటా ఇదే, ప్రతిదానికీ రుజువు. మేము లీడ్ ఒక మాట అంటే అందులో ఏముందోనని వారం వెతికేవాళ్లం. నేర్చుకున్నది అలాగే. రెండు రోజులకే ఇంత ఏడుపా?

రాత్రి_షిఫ్ట్
ఏడుపు రెండు రోజుల గురించి కాదు సార్. మొదట రాయలేదు, ఇప్పుడు రాస్తాను.

జనవరిలో మా నెలవారీ సబ్‌స్క్రిప్షన్ కోడ్ చూసి నేనే అన్నాను, “ఈ తేదీల లెక్క తేడాగా ఉంది” అని. ఇదే లీడ్‌తో. “ఫెయిలయ్యే టెస్ట్ చూపించు, లేదంటే వదిలెయ్” అన్నారు. చేతిలో వేరే పని ఉంది, వదిలేశాను. అది జావాస్క్రిప్ట్. జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 31 అవుతుంది, అలాంటి తేదీ లేదు కాబట్టి మార్చి 3కి దొర్లిపోతుంది. 31న చేరినవాళ్లెవరికీ ఫిబ్రవరిలో బిల్లు వెళ్లలేదు. తప్పెవరిదని మీటింగ్ పెట్టారు. ఆ మీటింగ్‌లో నేను ముందే చెప్పానని ఎవరికీ గుర్తు లేదు.

ఆయనకి తోస్తే అనుభవం, నాకు తోస్తే టెస్ట్ చూపించాలి. నేను అడుగుతున్నది ఇదీ.

అమీర్‌పేట_బ్యాచ్
అబ్బా.

లూప్_ఇన్వేరియంట్
పాత_కోబాల్ గారూ, ఇన్నేళ్లలో మీకు తేడా కొట్టి, తీరా వెతికితే ఏమీ దొరకనివి ఎన్ని ఉంటాయి?

పాత_కోబాల్
లెక్క పెట్టలేదు.

లూప్_ఇన్వేరియంట్
దొరికినవి మాత్రం గుర్తున్నాయి.

పాత_కోబాల్
మీరు ప్లీడర్ కావాల్సింది. చూడండి, నాకు తోచినదాన్ని ప్రతిసారీ మాటల్లో పెట్టలేను. పాతికేళ్లలో ఎక్కడెక్కడ చెయ్యి కాలిందో అదంతా ఒక్కసారిగా గుర్తొస్తుంది, వరసగా రాయమంటే రాదు. కానీ ఆ అబ్బాయి తేదీల గురించి అన్నప్పుడు “ఏ తేదీకి అనుమానం?” అని అడగాల్సింది. అంతవరకు ఒప్పుకుంటాను. రీట్రై విషయంలో మాత్రం ఆ లీడ్‌దే రైటు.

రాత్రి_షిఫ్ట్
రీట్రైలో ఐడీ నిజంగానే లేదు సార్. నిన్న పెట్టాను. అప్రూవ్ చేశారు, బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి. ఆయనకి తేడా కొట్టింది అదేనా, ఇంకోటా అన్నది ఇప్పటికీ తెలీదు.

ఇంకో సంగతి. ఏడాది ప్లాన్ కోడ్ కూడా నాకు అలాగే అనిపిస్తోంది. అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

టెస్టర్_అక్క
ఏ తేదీకి?

రాత్రి_షిఫ్ట్
ఫిబ్రవరి 29న కొన్నవాళ్లకి.

పాత_కోబాల్
మార్చి 1కి పోతుంది.

లూప్_ఇన్వేరియంట్
తోచిందా సార్, చూశారా?

పాత_కోబాల్
చూశాను. 2009 మార్చి 1. ఆదివారం. మావాడి పుట్టినరోజు.