ప్లేఆఫ్స్‌లో కోచ్ తన బెంచ్‌ను ఎంతవరకు నమ్మాలి?

కోర్టుపక్క:
2025 జూన్ 3న, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని న్యూయార్క్ నిక్స్ జట్టు యాజమాన్యం కోచ్ టామ్ థిబడోకు ఉద్వాసన పలికింది. 2000 తర్వాత తొలిసారిగా జట్టును ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ ఫైనల్స్‌కు ముందు మెట్టు) దాకా తీసుకువెళ్లిన మనిషిని, ఆ సిరీస్‌లో ఇండియానా పేసర్స్ చేతిలో 4–2తో ఓడిన మూడు రోజులకే సాగనంపారు. యాజమాన్యం కారణాలు ఏవైనా, అభిమానులు ఎత్తిచూపిన లోపాల్లో ముందువరుసలో నిలిచినది ఆయన బెంచ్‌ను, అంటే మొదటి ఐదుగురు కాక పక్కన కూర్చునే ఆటగాళ్లను, వాడుకోని పద్ధతి. ఆ విమర్శ న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయితే తప్పు జరిగింది మే నెలలో, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు) నడుస్తున్నప్పుడు కాదు, అంతకు ముందు రెగ్యులర్ సీజన్‌లో. ఆ సీజన్‌లో జోష్ హార్ట్ మ్యాచ్‌కు సగటున 37.6 నిమిషాలు ఆడి ఎన్‌బీఏలో అగ్రస్థానంలో నిలవగా, మొత్తం నిమిషాల లెక్కలో అదే జట్టుకు చెందిన మికల్ బ్రిడ్జెస్ అందరికంటే ముందున్నాడు. బెంచ్ మీద మంచి ఆటగాళ్లున్నారని, స్టార్టర్ల (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురి) భారం కొంత తగ్గించవచ్చని బ్రిడ్జెస్ మార్చిలోనే విలేకరుల ముందు అన్నాడు. ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టిన ఆటగాడిని ప్లేఆఫ్స్‌లో అకస్మాత్తుగా నమ్మమంటే ఏ కోచ్‌కైనా చేయి ఆడదు.

నాలుగో క్వార్టర్:
కోర్టుపక్క గారూ, ప్లేఆఫ్స్ లెక్క వేరండీ. రెగ్యులర్ సీజన్‌లో వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లు ఆడవలసి వస్తుంది కాబట్టి స్టార్టర్లకు విశ్రాంతి అవసరం. ప్లేఆఫ్స్‌లో మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కనీసం ఒక రోజు విరామం ఉంటుంది. ఒక్కో మ్యాచ్‌లో జట్టు చేతిలో ఉండేవి 240 ఆటగాడి-నిమిషాలే (కోర్టులో ఐదుగురు, ఆట 48 నిమిషాలు). తొమ్మిదో ఆటగాడికి ఇచ్చే ప్రతి నిమిషమూ అతనికంటే మెరుగైన వాడి నుంచి తీసి ఇచ్చేదే. పైగా ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ప్రత్యర్థి మీ బలహీనతను రెండో మ్యాచ్‌కల్లా పసిగట్టేస్తాడు. అదే సీజన్ రెండో రౌండ్‌లో బోస్టన్ సెల్టిక్స్ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా దొరికే ఉచిత షాట్లు) సరిగా వేయలేని మిచెల్ రాబిన్సన్ బెంచ్ నుంచి రాగానే, బంతి అతని చేతిలో లేకపోయినా కావాలని ఫౌల్ చేస్తూ ఆటను ఫ్రీ త్రో లైన్ దగ్గరే కట్టిపడేసింది. రీబౌండ్లలో (గురి తప్పిన బంతిని అందుకోవడంలో) అంత విలువైన వాడినీ థిబడో వెనక్కి పిలవక తప్పలేదు.

ఇంకో మాట. ఆ సిరీస్ మొదటి రెండు మ్యాచ్‌లలోనూ, బోస్టన్‌లోనే, నిక్స్ 20 పాయింట్లు వెనకబడి కూడా గెలిచింది. ఆ రెండుసార్లూ ఆటను లాక్కొచ్చినది ప్రధానంగా, అలసిపోతారని మీరు భయపడే ఆ స్టార్టర్లే. గెలిచినప్పుడు పట్టుదల అని మెచ్చుకున్నదాన్నే ఓడగానే మొండితనం అనడం మన అభిమానులకు అలవాటైపోయింది.

వ్యాయామ ఉపాధ్యాయుడు:
ఇక్కడ నియమాల తేడా కూడా చూడాలి. మన జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలు అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాల ప్రకారం 40 నిమిషాలే జరుగుతాయి, ఐదో ఫౌల్‌కు ఆటగాడు బయటకు వెళ్లవలసిందే. ఇష్టం ఉన్నా లేకపోయినా కోచ్ చూపు బెంచ్ వైపు తిరుగుతుంది. ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు, ఆటగాడు బయటకు వెళ్లేది ఆరో ఫౌల్‌కే. అందువల్ల అక్కడ స్టార్టర్లను పట్టుకుని వేలాడే వెసులుబాటు కోచ్‌కు కొంత ఎక్కువ.

కోర్టుపక్క:
నాలుగో క్వార్టర్ గారూ, బోస్టన్ ఉదాహరణను కాదనను. కానీ ఆ తర్వాతి సిరీస్‌ను కూడా కలిపి చూడండి. పేసర్స్‌తో సొంత గడ్డ మీద రెండు మ్యాచ్‌లూ ఓడాక, మూడో మ్యాచ్‌కు థిబడో హార్ట్‌ను తప్పించి రాబిన్సన్‌ను మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. అంతవరకు దాదాపు మరచిపోయిన డెలాన్ రైట్, లాండ్రీ షామెట్‌లను కూడా బరిలోకి దించారు. ఇండియానాలో 20 పాయింట్లు వెనకబడిన ఆ మ్యాచ్‌ను నిక్స్ 106–100తో గెలుచుకుంది. నాలుగో క్వార్టర్‌లో 20 పాయింట్లు చేసిన కార్ల్-ఆంథొనీ టౌన్స్‌దే ప్రధాన ఘనత, సందేహం లేదు. అయినా ఆ ఇద్దరూ జట్టును ముంచలేదు కదా. మరి 0–2 అయ్యేదాకా ఆగడం ఎందుకు?

అవతలి పక్క పేసర్స్ కోచ్ రిక్ కార్లైల్‌ను చూస్తే తేడా తెలుస్తుంది. ఆయన సీజన్ పొడవునా తొమ్మిది, పది మందిని తిప్పుతూనే వచ్చారు. ఆ ఏటి ఎన్‌బీఏ ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో ఓక్లహోమా సిటీ థండర్ బెంచ్ 18 పాయింట్లు చేస్తే పేసర్స్ బెంచ్ 49 చేసింది. బెనెడిక్ట్ మాథురిన్ 22 నిమిషాల్లోనే 27 పాయింట్లు సాధించాడు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం అదే బెంచ్‌లోని టి.జె. మెకానెల్. పేసర్స్ బుట్ట వేయగానే అందరూ వెనక్కి పరుగెత్తుతుంటే, తనకేమీ పట్టనట్టు అక్కడే మసలుతూ, థండర్ ఆటగాడు బేస్‌లైన్ వెనక నుంచి బంతిని నిర్లక్ష్యంగా అందించబోయిన క్షణంలో మధ్యలో దూరి తన్నుకుపోయేవాడు. ఆ మ్యాచ్‌లో అతను ఇలా బంతి లాక్కున్నవి, అంటే స్టీల్స్, ఐదు. 38 నిమిషాలు ఆడవలసిన స్టార్టర్ ఇలా ప్రతి బంతికీ మీద పడి ఆడలేడు. 15 నిమిషాలే ఆడతానని తెలిసినవాడే ఒంట్లో ఉన్నదంతా ఖర్చు పెట్టగలడు. తొమ్మిదో ఆటగాడి నిమిషం స్టార్టర్ నిమిషంకంటే ఎప్పుడూ తక్కువదే అన్న మీ లెక్క ఇక్కడే తప్పుతుంది.

పాత స్కోరర్:
బెంచ్ నిర్వహణ అంటే కొత్తవాడిని లేపడమే అన్నట్టు చర్చ సాగుతోంది. స్టార్టర్‌ను కూర్చోబెట్టడం అంతకంటే కష్టమైన పని. 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2–1తో వెనకబడినప్పుడు స్టీవ్ కెర్ నాలుగో మ్యాచ్‌కు సెంటర్ ఆండ్రూ బోగట్‌ను తప్పించి, ఆ రెగ్యులర్ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్‌నూ మొదలుపెట్టని ఆండ్రే ఇగ్వొడాలాను దించారు. ఆలోచన సహాయక సిబ్బందిలోని నిక్ యురెన్ అనే యువకుడిది. మ్యాచ్‌కు ముందు విలేకరులకు కెర్ నిజం చెప్పలేదు. ఆ సంగతి తర్వాత తానే ఒప్పుకున్నారు. వారియర్స్ 103–82తో గెలిచింది, ఆపై సిరీస్‌నూ గెలిచింది, ఇగ్వొడాలా ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. బోగట్ మాత్రం ఆ మ్యాచ్‌లో మూడు నిమిషాలు కూడా ఆడలేదు. అంతటి మార్పును జట్టు గొణుక్కోకుండా మింగగలిగిందంటే, మాజీ ఆల్ స్టార్ ఇగ్వొడాలాయే సీజన్ ఆరంభంలో కిమ్మనకుండా బెంచ్‌కు వెళ్లి ఉండడం అందుకు పెద్ద కారణమని నేననుకుంటాను.

నాలుగో క్వార్టర్:
ఆ ఉదాహరణ బాగుంది. కానీ అలాంటి మార్పులు వికటించినవీ ఉన్నాయి. 2025 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లోనే థండర్ కోచ్ మార్క్ డేగ్నాల్ట్ ఐజయా హార్టెన్‌స్టైన్‌ను బెంచ్‌కు పంపి కేసన్ వాలెస్‌తో మొదలుపెట్టారు, 111–110తో ఓడారు. 2–1తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్‌లో హార్టెన్‌స్టైన్‌ను తిరిగి తెచ్చారు, గెలిచారు. చివరికి కప్పు ఆయనదే. గెలిచినవాడి సవరణను వ్యూహమనీ, ఓడినవాడి సవరణను ఆలస్యమనీ అంటున్నామేమో ఆలోచించండి.

కోర్టుపక్క:
ఆ నాలుగో మ్యాచ్‌లోనే బెంచ్ నుంచి వచ్చిన అలెక్స్ కరూసో 20 పాయింట్లు, ఐదు స్టీల్స్ సాధించాడు. రెగ్యులర్ సీజన్‌లో అతని సగటు 20 నిమిషాలైనా లేదు. గాయాల బెడద ఉన్న 31 ఏళ్ల ఆటగాడిని ఆ రోజు కోసం డేగ్నాల్ట్ అక్టోబర్ నుంచీ పొదుపుగా వాడారు, కానీ రొటేషన్‌లోంచి (క్రమం తప్పక ఆడించే వారిలోంచి) తీసెయ్యలేదు. రైట్ విషయంలో, షామెట్ విషయంలో థిబడో అలా చేశారని మీరు చూపగలిగితే నా మొదటి మాట వెనక్కి తీసుకుంటాను.